కస్టమర్లు పంపే ఫొటోలు, మాటలు మన బ్లాగులో, ప్రచారంలో వాడుకోవచ్చా? (వైజాగ్ చిన్న వ్యాపారుల చర్చ)

ఘాట్‌రోడ్డు (మద్దిలపాలెం)

అందరికీ నమస్కారం. మాది చిన్న ట్రావెల్స్. అరకు, లంబసింగి, వంజంగి ట్రిప్పులు వేస్తాం. వెబ్‌సైట్‌లో ఒక బ్లాగు పెట్టి "అరకులో తప్పక చూడాల్సిన ప్రదేశాలు", "బొర్రా గుహల విశేషాలు" లాంటివి డబ్బులిచ్చి రాయించాం. ఎవరూ చదవడం లేదు. ఆ బ్లాగు చూసి ఫోన్ చేసినవాళ్లు ఒక్కరూ లేరు.

మా వాట్సాప్ సంగతి వేరు. ట్రిప్ నుంచి ఇంటికి చేరిన రాత్రే జనం ఫొటోలు, వీడియోలు పంపేస్తారు. అరకు వెళ్లే రైలు సొరంగంలోకి దూరగానే బోగీలో పిల్లలంతా ఒక్కసారి కేకలు పెట్టిన వీడియో ఒకటి వచ్చింది. మా స్టాఫ్ అంతా మళ్లీ మళ్లీ చూశారు. ఇలాంటివి బ్లాగులో, ఇన్‌స్టాలో పెట్టొచ్చా? పెడితే ఎలా అడగాలి? గూగుల్‌లో రివ్యూ రాస్తే తర్వాతి ట్రిప్‌కి 10 శాతం తగ్గిస్తామని చెబుదామని కూడా ఉంది. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

లక్కబొమ్మ (ఎంవీపీ కాలనీ)

పెట్టండి అన్నయ్యా, కానీ ముందు అడిగి పెట్టండి. నేను ఏటికొప్పాక బొమ్మలు ఆన్‌లైన్‌లో అమ్ముతాను. మొదట్లో అన్నీ తెల్ల గుడ్డ మీద పెట్టి, లైట్లు వేసి శుభ్రంగా తీయించాం. చూడ్డానికి బాగుండేవి. కానీ రోజంతా ఒకటే ప్రశ్న, "బొమ్మ సైజు ఎంతండి?" సెంటీమీటర్లలో రాసినా అడిగేవారు. ఒకావిడ తను కొన్న బొమ్మని టీవీ స్టాండ్ మీద రిమోట్ పక్కన నిలబెట్టి ఫొటో తీసి పంపారు. వెనకాల వైర్లు కనిపిస్తున్నాయి, వెలుతురు కూడా సరిగ్గా లేదు. ఆవిడని అడిగి అదే పెట్టాను. ఆ బొమ్మ గురించి సైజు అడిగేవాళ్లు బాగా తగ్గిపోయారు.

ఇంకో సంగతి. కస్టమర్ అడిగే ప్రశ్న కూడా కస్టమర్ ఇచ్చిన సరుకే. "పిల్లాడు నోట్లో పెట్టుకుంటే రంగు పోతుందా?" అని చాలామంది తల్లులు అడిగారు. ఆ ప్రశ్ననే శీర్షికగా పెట్టి, అంకుడు కర్ర, లక్క, గింజలూ బెరళ్లూ వేళ్ల నుంచి తీసే రంగులు, మిషన్ మీద కర్ర తిరుగుతుండగా లక్క ఎలా పట్టిస్తారు, ఇవన్నీ కళాకారుల్ని అడిగి రాశాను. నా బ్లాగులో ఎక్కువమంది చదివేది అదే. ఈ బొమ్మలకు 2017లో జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకు అని చెప్పే భౌగోళిక గుర్తింపు) వచ్చిందని రాసిన పోస్టుకి అంతమంది రాలేదు.

సిరిపురం సెంటర్

ఘాట్‌రోడ్డు గారూ, నేను చిన్న షాపులకు, క్లినిక్‌లకు డిజిటల్ మార్కెటింగ్ చేస్తుంటాను. మీ 10 శాతం ఆలోచన ఇక్కడితో ఆపేయండి. రివ్యూకి బదులుగా డబ్బు గానీ డిస్కౌంట్ గానీ ఫ్రీ సర్వీసు గానీ ఇవ్వడం గూగుల్ నిబంధనలకు విరుద్ధం. దొరికితే ఆ రివ్యూలు తీసేస్తారు, మీ ప్రొఫైల్ మీద ఆంక్షలు కూడా పెట్టొచ్చు. ఇంకొకటి చాలామందికి తెలీదు. "ట్రిప్ నచ్చిందా?" అని ముందు అడిగి, నచ్చిందన్నవాళ్లకు మాత్రమే రివ్యూ లింకు పంపడం కూడా కుదరదు. అందరికీ ఒకటే లింకు, ఒకటే మెసేజ్ వెళ్లాలి.

మీ బ్లాగు విషయానికి వస్తే, "తప్పక చూడాల్సిన ప్రదేశాలు" అన్న వ్యాసం నెట్‌లో కొల్లలుగా ఉంది. అందులో మీది ఎవరికి కావాలి? మీ వాట్సాప్ తెరిచి గత సీజన్ ప్రశ్నలన్నీ ఒక చోట పెట్టండి. వంజంగిలో మబ్బులు ఏ నెలలో బాగుంటాయి, పాడేరు నుంచి ఎన్నింటికి బయల్దేరాలి, కొండ ఎక్కలేని అమ్మమ్మని ఎక్కడ కూర్చోబెట్టాలి, అద్దాల బోగీకి టికెట్టు దొరక్కపోతే ఏం చేయాలి. ఒక్కో ప్రశ్న ఒక్కో పోస్టు. జవాబు మీరు రాయండి, కింద ఆ నెలలో వెళ్లొచ్చినవాళ్ల మాట, ఫొటో, నెల పేరు పెట్టండి. నవంబరులో తీసిన ఫొటో చూపించి మే నెలలో టికెట్లు అమ్మితే జనం కొండ మీద నిలబడే మిమ్మల్ని తిడతారు.

ఘాట్‌రోడ్డు

సరే, డిస్కౌంట్ మానేస్తాను. కానీ ఒక మాట చెప్పండి. మా లైన్‌లో కొంతమందికి వందల రివ్యూలు, అన్నీ ఐదు స్టార్లే. అన్నిట్లో "గుడ్ సర్వీస్, నైస్ డ్రైవర్" అనే ఉంటుంది. ఏజెన్సీకి డబ్బు కడితే రాయించి పెడతారని నాకూ ఫోన్లు వస్తున్నాయి. మేం అడిగి తెచ్చుకునేవి నాలుగో ఐదో. కస్టమర్ ఎవరి దగ్గరికి వెళ్తాడు?

గోదారి గట్టు (రాజమండ్రి)

నేను మీ కస్టమర్ లాంటిదాన్నే, అందుకే చెబుతున్నాను. డిసెంబరులో అత్తగారినీ పిల్లల్నీ తీసుకుని అరకు వెళ్లాం. బుక్ చేసే ముందు మూడు స్టార్ల రివ్యూలే వెతికి చదివాను. ఐదు స్టార్లవి చదివితే ఏమీ తెలీదు. ఒకతను మూడు స్టార్లు ఇచ్చి ఇలా రాశాడు: "డ్రైవర్ మంచోడే, ఘాట్‌లో నెమ్మదిగా తోలాడు, కానీ దారిలో బాత్‌రూమ్ కోసం ఆపమంటే చాలాసేపు దాకా ఎక్కడా లేదు, ఆడవాళ్లు ఇబ్బంది పడ్డారు." దాని కింద ఆ ట్రావెల్స్ ఆయన, ఏ ఊళ్లో శుభ్రమైన బాత్‌రూమ్ ఉందో, ఇకనుంచి అక్కడ తప్పకుండా ఆపుతామనీ రాశాడు. ఆయన దగ్గరే బుక్ చేశాను. అత్తగారికి షుగర్. నాకు కావలసిన సంగతి అది. ఆ చిన్న ఫిర్యాదు లేకపోతే నేను ఆ బండి ఎక్కేదాన్నే కాదు.

భీమిలి గాలి

గోదారి గట్టు మేడమ్ చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. మాది భీమిలిలో హోమ్‌స్టే. "సముద్రం కనబడుతుందన్నారు, కొబ్బరి చెట్లు అడ్డం" అని ఒకరు రెండు స్టార్లు ఇచ్చారు. దాన్ని ఎలా తీయించాలా అని ఆలోచించకుండా మేడ మీద నుంచీ కింద గదిలో నుంచీ రెండు ఫొటోలు తీసి జవాబులో పెట్టాం: "కింద గదుల్లో చెట్ల మధ్య నుంచే కనిపిస్తుందండి. పూర్తిగా చూడాలంటే మేడ మీద గది అడగండి, అద్దె కొంచెం ఎక్కువ." ఇప్పుడు ఫోన్ చేసేవాళ్లు మేడ మీద గదే అడుగుతున్నారు.

అన్నా, ఒక్క మాట. పెద్దవాళ్లు రాయరు, వాయిస్ మెసేజ్ పెడతారు. వాటిని వదులుకోకండి. విజయనగరం నుంచి వచ్చిన ఒక పెద్దావిడ మాకు పంపింది: "బాబూ, మీ ఇంటికాడ రాత్రల్లా అలల చప్పుడే. మా ఆయన గురక కూడా వినబళ్లేదు. మంచం ఎత్తుగా ఉంది, మోకాళ్ల నొప్పులున్నోళ్లకి ఒక పీట ఎయ్యండి." ఆవిడ కూతుర్నీ ఆవిడనీ అడిగి, అక్షరం మార్చకుండా అదే యాసలో బ్లాగులో పెట్టాం. పీట కూడా వేశాం. ప్రకటనలు రాసే కాపీరైటర్ ఎవరైనా ఆ వాక్యం రాయగలడా? యాస సరిదిద్దొద్దు, పొగడ్త ఒక్కటే ఉంచి పీట మాట కత్తిరించొద్దు.

నల్లకోటు

డబ్బులిచ్చి రాయించే రివ్యూల గురించి అడిగారు కాబట్టి చట్టం సంగతి చెబుతాను. ఇది మామూలు అవగాహన కోసమే, మీ కేసుకి సలహా వేరు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద తప్పుదోవ పట్టించే ప్రకటనలకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మొదటిసారి 10 లక్షల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయగలదు. 2022 జూన్‌లో వచ్చిన మార్గదర్శకాల ప్రకారం, పొగిడిన మనిషికీ మీకూ మధ్య డబ్బు గానీ చుట్టరికం గానీ ఏదైనా సంబంధం ఉంటే, అది చూసేవాళ్లకు తెలియాలి. అదే ఏడాది నవంబరులో బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) వాళ్లు ఆన్‌లైన్ రివ్యూల మీద ఐఎస్ 19000 అనే ప్రమాణం తెచ్చారు. పాటించడం స్వచ్ఛందమే. కానీ చదివితే మీ వెబ్‌సైట్‌లో రివ్యూలు ఎలా పెట్టాలో తెలుస్తుంది: రాసింది నిజమైన మనిషేనని చూసుకోవాలి, రాసినదాన్ని తర్వాత మీరు దిద్దకూడదు.

ఇక ఫొటోలు. కాపీరైట్ చట్టం 1957, సెక్షన్ 17 ప్రకారం ఫొటో మీద మొదటి హక్కు తీసినవాళ్లదే. మీకు వాట్సాప్‌లో పంపినంత మాత్రాన, మీ పేజీని ట్యాగ్ చేసినంత మాత్రాన ఆ హక్కు మీకు రాదు. వాడుకోవడానికి అనుమతి రాతపూర్వకంగా ఉండాలని సెక్షన్ 30 చెబుతుంది. స్టాంపు పేపరు అక్కర్లేదు. ఏ ఫొటో, ఎక్కడ వాడతారు, ఎంతకాలం వాడతారు అని మీరు స్పష్టంగా రాసి, వాళ్లు "సరే, వాడుకోండి" అని వాట్సాప్‌లో రాసినా అది రాతే. ఆ మెసేజ్ దాచుకోండి. కాలం రాయకపోతే చట్టం దాన్ని 5 ఏళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకుగా లెక్కేస్తుంది.

కెమెరా కన్ను (గాజువాక)

లాయరు గారూ, దండం. నేను పెళ్లి ఫొటోగ్రాఫర్‌ని. రుషికొండ దగ్గర తెల్లవారుజామున తీసిన నా ఫొటోని ఒక రిసార్టు వాళ్లు మూలన ఉన్న నా పేరు కత్తిరించి మరీ ఫ్లెక్సీ కొట్టించారు. అడిగితే "మీరే కదా మమ్మల్ని ట్యాగ్ చేశారు" అన్నారు. కడుపు మండిపోయింది. డబ్బు సంగతి తర్వాత. ఫోన్ చేసి అడిగుంటే సంతోషంగా ఇచ్చేవాడిని, పెద్ద సైజు ఫైలు కూడా పంపేవాడిని.

నా సందేహం ఒకటి. పెళ్లివాళ్లు డబ్బులిచ్చి తీయించుకున్న ఫొటోలు ఎవరివి?

ఘాట్‌రోడ్డు గారూ, మీక్కూడా ఒక మాట. కస్టమర్లు పంపిన డ్రోన్ వీడియోలు ఉంటే చూసుకుని పెట్టండి. మనది నేవీ ఊరు. స్థావరాల చుట్టుపక్కల ఇష్టమొచ్చినట్టు డ్రోన్ ఎగరేయడానికి వీల్లేదు. ఎవరో తీసిన వీడియో మీ పేజీలో ఉంటే ముందు మిమ్మల్నే అడుగుతారు.

నల్లకోటు

కెమెరా కన్ను గారూ, ఎవరైనా డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకి, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవాళ్లే మొదటి హక్కుదారులు. అది కూడా సెక్షన్ 17లోనే ఉంది. మీ ప్రచారానికి వాడుకోవాలంటే బుకింగ్ కాగితంలోనే ఆ మాట రాయించుకోండి. రుషికొండ ఫొటో మాత్రం మీదే. నోటీసు ఇవ్వొచ్చు.

సిరిపురం సెంటర్

కొన్ని పనికొచ్చే సంగతులు చెబుతాను. వాట్సాప్‌లో ఫొటో మామూలుగా పంపితే సైజు తగ్గిపోతుంది, బ్లాగులో పెద్దగా పెడితే మసకేస్తుంది. అనుమతి ఇచ్చాక "డాక్యుమెంట్‌గా పంపండి" అని అడగండి. కానీ అలా పంపినప్పుడు ఫొటో లోపల తీసిన చోటు వివరాలు కూడా వచ్చేస్తాయి. కస్టమర్ ఇంట్లో తీసిన ఫొటో అయితే వాళ్ల ఇల్లు ఎక్కడుందో అందులో ఉంటుంది. అప్‌లోడ్ చేసే ముందు లొకేషన్ తీసేయండి. (లక్కబొమ్మ గారూ, మీ టీవీ స్టాండ్ ఫొటో కూడా ఒకసారి చూడండి.)

రీల్స్‌లో సినిమా పాట ఉంటే జాగ్రత్త. మామూలు అకౌంటుకి దొరికే పాటలన్నీ బిజినెస్ అకౌంటుకి దొరకవు. కస్టమర్ పాట పెట్టుకున్న రీల్‌ని మీరు డౌన్‌లోడ్ చేసి మీ పేజీలో వేస్తే పాట వాళ్ల నుంచి కాపీరైట్ క్లెయిమ్ రావొచ్చు. పాట తీసేసి వాళ్ల అసలు గొంతులు ఉంచండి. రైల్లో పిల్లల కేకలకన్నా మంచి సంగీతం ఏముంటుంది?

బ్లాగు కింద కామెంట్లు తెరిస్తే చూసి మరీ అప్రూవ్ చేయండి. లేకపోతే వారం తిరక్కుండా అప్పుల యాప్‌ల లింకులతో నింపేస్తారు. కస్టమర్లు పెట్టే లింకులకు యూజీసీ (అంటే ఇది మనం కాదు, వాడేవాళ్లు పెట్టింది అని) అనే గుర్తు తగిలించే పద్ధతిని గూగుల్ 2019లో తెచ్చింది, మీ వెబ్‌సైట్ కుర్రాడికి చెబితే పెట్టేస్తాడు.

పాడేరు కుర్రోడు

ఇంతసేపూ ఫొటో తీసినవాళ్ల గురించి, కొన్నవాళ్ల గురించి మాట్లాడారు. ఫొటోలో ఉన్నవాళ్ల గురించి కూడా మాట్లాడండి.

మా పెద్దమ్మ థింసా ఆడుతుంది, మా ఆదివాసీల నాట్యం. చేతులు వెనక నుంచి కలిపి పట్టుకుని వరసగా ఆడతారు, మీరందరూ చూసే ఉంటారు. టూరిస్టులు తీసుకున్న ఫొటో ఒకటి ఒక ట్రావెల్ పేజీ బ్యానర్ మీద చూశాను. మధ్యలో మా పెద్దమ్మ, మీద "మూడు పగళ్లు రెండు రాత్రులు" అని ప్యాకేజీ ధర. ఆమెకి చూపిస్తే "నన్ను ఎంతకి అమ్ముతున్నారు?" అని అడిగింది. నేనేం చెప్పాలి? ఫొటో పంపిన కస్టమర్ సరే అని ఉండొచ్చు. ఆమెని ఎవరు అడిగారు?

సంతలో అడ్డాకులు అమ్ముకునే ఆడవాళ్లు, స్కూలు నుంచి వచ్చే పిల్లలు, పొలంలో నాట్లేసేవాళ్లు, అందరూ మీ కస్టమర్ల ఫోన్లలో ఉన్నారు. దయచేసి మొహాలు కనిపించే ఫొటోలు వాళ్లని అడక్కుండా పెట్టొద్దు. తెలుగు రానివాళ్లు కూడా ఉంటారు. ఆదివాసీ ఒడియానో కువీనో మాట్లాడే ఊరి మనిషి ఒకరిని పక్కన పెట్టుకుని అడిగించండి. వాడుకుంటే ఊరి పేరు, ఆటగాళ్ల పేర్లు వాళ్లకి ఇష్టమైతే రాయండి, డబ్బు కూడా ఇవ్వండి. మీరు బ్లాగు వ్యాసాలు రాయించడానికి ఇచ్చినదాంట్లో కొంత చాలు.

వంజంగి సంగతి కూడా. మబ్బుల ఫొటోలు నెట్‌లో నిండాక కొండ మీద ప్లాస్టిక్ నిండింది. మబ్బుల ఫొటో పెట్టే చోటే "చెత్త వెనక్కి తెచ్చుకోండి" అని రాయండి. కస్టమర్ పంపిన ఫొటోలో సీసాలు కనబడితే వాటిని కత్తిరించి పెట్టకండి, అలాగే పెట్టండి.

ఘాట్‌రోడ్డు

తమ్ముడూ, నీ మాట తలకెక్కింది. మా డ్రైవర్లకి రేపే చెబుతాను. థింసా ఆడించే చోట ముందే మాట్లాడి, బృందానికి ఇచ్చే డబ్బులోనే ఫొటోల సంగతి కూడా వాళ్లతో తేల్చుకుంటాం. ఒప్పుకోకపోతే ఆట చూసి రావడమే, ఫొటో ఉండదు.

రైలు వీడియో పంపిన అమ్మగారిని అడిగాను. ఆవిడ వెంటనే సరే అన్నారు. కానీ ఆ బోగీలో వేరే కుటుంబాల పిల్లలు కూడా ఉన్నారు. దాన్నేం చేయాలి లాయరు గారూ?

నల్లకోటు

ఆవిడ తన పిల్లల గురించి మాత్రమే సరే అనగలరు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వాళ్లందర్నీ పిల్లలుగానే చూస్తుంది, తల్లిదండ్రుల సమ్మతి అడుగుతుంది. మిగతా తల్లిదండ్రుల నంబర్లు లేకపోతే మొహాలు కనిపించే భాగం వాడకండి. సొరంగం చీకట్లో కిటికీ వైపు తిరిగిన ముక్క ఉంటే అది, దాని మీద కేకల శబ్దం వాడండి.

గోదారి గట్టు (రాజమండ్రి)

నాకైతే ఆ శబ్దం చాలు, మా వాళ్లూ అలాగే అరిచారు. ఇంకో మాట. హైదరాబాదు నుంచి వచ్చే వ్లాగర్లకి ఫ్రీ ట్రిప్ ఇచ్చి వీడియో చేయించుకుంటే, అది ఫ్రీ ట్రిప్ అని వీడియోలో చెప్పించండి. చెప్పకపోయినా మాకు తెలిసిపోతుంది. వాళ్లకి ముందు సీటు, మాకు చక్రం మీద సీటు.

ఘాట్‌రోడ్డు

తప్పకుండా చెప్పిస్తాం మేడమ్. ఇదిగో, ట్రిప్ అయ్యాక అందరికీ పంపడానికి మెసేజ్ రాశాను, చూడండి:

"నమస్కారం. మాతో అరకు వచ్చినందుకు సంతోషం. మీ ట్రిప్ ఎలా జరిగిందో, బాగున్నదీ బాగోలేనిదీ, ఈ లింకులో రాయండి. రాసినందుకు మేము ఏమీ ఇవ్వం, రాయకపోయినా ఏమీ అనుకోం. మీ ఫొటోలు కొన్ని మా బ్లాగులో, ఇన్‌స్టా పేజీలో 2 ఏళ్ల పాటు వాడుకోవాలనుంది. ఏ ఫొటోనో విడిగా చూపించి అడుగుతాం. సరే అయితే 'వాడుకోండి' అని రాయండి, మీ పేరు వేయాలో వద్దో చెప్పండి."

లక్కబొమ్మ (ఎంవీపీ కాలనీ)

బాగుంది అన్నయ్యా. పొడవు ఎక్కువైంది, రెండు మెసేజ్‌లు చేయండి. రివ్యూ లింకు మర్నాడు పొద్దున, ఫొటోల సంగతి వాళ్లు ఫొటోలు పంపినప్పుడు. రెండూ కలిపితే ఫొటో ఒప్పుకుంటేనే రివ్యూ అన్నట్టు అనిపిస్తుంది.

భీమిలి గాలి

ట్రిప్ ఎలా జరిగిందో "వాయిస్‌లో చెప్పినా సరే" అని ఒక మాట చేర్చండి అన్నా.

నల్లకోటు

ఎప్పుడైనా తీసేయమంటే తీసేస్తామనీ, ఎవరికి చెప్పాలో ఫోన్ నంబరుతో సహా రాయండి. సమ్మతి వెనక్కి తీసుకునే హక్కు వాళ్లకుంది, ఇవ్వడం ఎంత తేలికో వెనక్కి తీసుకోవడమూ అంతే తేలికగా ఉండాలని చట్టమే చెబుతోంది.

కెమెరా కన్ను (గాజువాక)

మరి ఫ్లెక్సీలు, బండి వెనక స్టిక్కర్లు? అవి కొట్టించాక ఎలా తీస్తారు?

నల్లకోటు

అందుకే వాటిని ఈ మెసేజ్‌లో కలపకూడదు. బ్లాగుకి సరే అన్నవాళ్లు తమ మొహం టెంపో వెనకాల ఊరంతా తిరగడానికి సరే అన్నట్టు కాదు. విడిగా అడగాలి, వాళ్లు వద్దంటే ఊరుకోవాలి.

ఘాట్‌రోడ్డు

స్టిక్కర్లు ప్రస్తుతానికి వద్దులెండి, బండి మీద కొండ బొమ్మే ఉంచుతాం. మెసేజ్‌ని రెండుగా విడగొట్టి, వాయిస్ మాటా, తీసేయమనే నంబరూ చేర్చి ఈ శనివారం బ్యాచ్ నుంచి పంపుతున్నాం. మొదటి బ్లాగు పోస్టు గోదారి గట్టు మేడమ్ చెప్పిన బాత్‌రూమ్‌ల మీదే: ఎస్.కోట నుంచి అరకు దాకా ఎక్కడెక్కడ ఆపొచ్చు, ఎక్కడ నీళ్లుంటాయి. డ్రైవర్లు చెబుతుంటే రాసుకుంటున్నాను. ఈ దారిలో వెళ్లినవాళ్లు ఎవరైనా మీకు తెలిసిన చోట్లు చెబితే, మీ పేరుతోనే వేస్తాను. పేరు వేయొచ్చో లేదో కూడా రాయండి.

గోదారి గట్టు (రాజమండ్రి)

మేం ఆగిన చోటు రాత్రికి వెతికి పంపుతాను. నా పేరు వద్దు, "రాజమండ్రి నుంచి ఒక కోడలు" అని వేయండి.